దూత చెప్పిన చిరునామా

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు దేవాలయము నిండియుండును. పన్నెండు గంటలు కొట్టుటకు ముందు సంఘమంతయు మోకాళ్లూని, గడచిన సంవత్సరపు పాపములను ఒప్పుకొని, రాబోవు సంవత్సరమునకు తీర్మానములు చేసికొనును. అట్లు మోకాళ్లూనినవారిలో ఒక మనుష్యుని తలంచుకొనుడి. అతడు ఏదో ఒక రైల్వే కాలనీలో కాపురమున్నవాడు. అది ఖరగ్‌పూరు కావచ్చును, కాజీపేట కావచ్చును, బిట్రగుంట కావచ్చును. ఒకప్పుడు గాయక బృందములో ముందు నిలిచి పాడినవాడు. ఇప్పుడు వెనుక వరుసలో, తలుపు దగ్గర కూర్చుండును. అతని బైబిలు పుటల మధ్య నాలుగు సంవత్సరముల వాగ్దాన కార్డులు ఉన్నవి. ఆ నాలుగు సంవత్సరములును అతడు ఈ రాత్రియే, ఈ మోకాళ్ల మీదనే, ఇక త్రాగనని దేవునికి మాట ఇచ్చెను. మొదటి ఏడు ఆ మాట ఈస్టరు వరకు నిలిచెను. నాలుగవ ఏడు జనవరి జీతము చేతికి వచ్చువరకే నిలిచెను. ఉజ్జీవ కూటములలో రెండుసార్లు కన్నీళ్లతో ముందుకు వెళ్లెను. మూడవసారి బోధకుడు పిలిచినప్పుడు లేవలేదు. మారుమనస్సు అక్కరలేదనుకొని కాదు. మరల పడినప్పుడు చూడవలసిన ముఖములను తలంచుకొని లేవలేదు.

అతని భార్య ఆదివారము పిల్లలతో ఒంటరిగా వచ్చును. "మీవారు కనబడుట లేదేమమ్మా?" అని సంఘకాపరి ద్వారమునొద్ద అడుగును. "ఒంట్లో బాగులేదండి, అయ్యగారూ" అని ఆమె చెప్పును. "ప్రార్థన చేయుదుము" అని ఆయన అనును. సంగతి ఏమో అయ్యగారికి తెలియును. ఆయనకు తెలియునని ఆమెకును తెలియును. అయినను ఇద్దరును అంతటితో ఆగుదురు.

ఇట్టి కుటుంబము లేని సంఘము అరుదు. కనుక క్రైస్తవులు నిదానముగా ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి ఇక్కడ ఉన్నది. ఇట్టి విశ్వాసి తన విడుదల కొరకు, త్రాగుడు మానగోరువారు కూడుకొను ఒక గదిని వెదకికొని వెళ్లవలెనా? అట్లు వెళ్లుట అతని విశ్వాసములోని లోపమా, లేక అతని విశ్వాసము చేయు క్రియయా? అతని విషయమై సంఘము చేయవలసినది ఏమి?

కోనేటి యొద్ద రోగి

యోహాను సువార్త 5వ అధ్యాయములో బేతెస్ద కోనేటి యొద్ద ముప్పది యెనిమిది ఏండ్లుగా పడియున్న రోగిని ప్రభువు చూచెను. బాగుపడవలెనని కోరుచున్నావా అని ఆయన అతనిని అడిగెను. ఆ ప్రశ్నకు అవునని గాని కాదని గాని చెప్పుట సులభము. కాని ఆ రోగి రెంటిలో ఏదియు చెప్పలేదు. నీళ్లు కదలినప్పుడు తనను వాటిలోనికి చేర్చుటకు మనుష్యుడు లేడని మాత్రము చెప్పెను. కోరికను గూర్చి అడుగగా అతడు తన ఒంటరితనమును గూర్చి చెప్పెను. అతని చుట్టును ఎందరో రోగులు పడియున్నను అతనికి తోడు ఎవరును లేకపోయిరి.

త్రాగుడుకు లోబడినవాని స్థితియు అట్టిదే. కోరిక లేక అతడు పడియున్నాడని ఇంటివారును సంఘపువారును తలంతురు. అనేకుల విషయములో ఇది నిజము కాదు. కేంద్ర సాంఘిక న్యాయ మంత్రిత్వ శాఖ కొరకు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జరిపిన సర్వే 2019లో వెలువడినది. ఆ సర్వే ప్రకారము 10 మొదలు 75 సంవత్సరముల వయస్సువారిలో సుమారు 16 కోట్లమంది మద్యము సేవించుచున్నారు. వారిలో సుమారు 5 కోట్ల 70 లక్షలమందికి ఆ సేవనము హానికరముగా గాని, విడువలేని బానిసత్వముగా గాని మారినది. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్సను పొందినట్లు తేలినది. తక్కిన ముప్పది యేడుగురికి త్రోవ చూపువాడు దొరకలేదేమో, దొరికినను సిగ్గు అడ్డు వచ్చెనేమో, ఆలోచింపవలసియున్నది.

హోటలులోని టెలిఫోను

ఈ కూటముల ఆరంభమును తెలిసికొనుట మేలు, ఏలయనగా అది సంఘమునకు దూరముగా జరిగినది కాదు. విలియం విల్సన్ న్యూయార్కు నగరములో వాటాల వ్యాపారము చేసినవాడు. త్రాగుడు వలన సమస్తమును పోగొట్టుకొని, 1934 డిసెంబరులో ఆసుపత్రిలో ఉండగా దేవుని ఎదుట తన్ను తాను అప్పగించుకొని మానివేసెను. ఆ కాలమున ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అను క్రైస్తవ ఉద్యమముతోను, న్యూయార్కులోని కల్వరి ఎపిస్కోపల్ దేవాలయముతోను అతనికి సహవాసము కలిగెను. తరువాత ఐదు నెలలు అతడు త్రాగుబోతులను వెదకి, వారికి బోధించుచుండెను. వారిలో ఒక్కడైనను మానలేదు. కాని వారి వెంట తిరిగిన అతడు మాత్రము త్రాగకుండ నిలిచెను.

1935 మే నెలలో అతడు వ్యాపారము పనిమీద ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమునకు వెళ్లెను. ఆ పని విఫలమాయెను. ఒక శనివారము సాయంకాలము, చేతిలో డబ్బు అంతగా లేక, పరాయి ఊరిలో, హోటలు నడవలో ఒంటరిగా నిలిచియుండెను. ఒక ప్రక్క మద్యపు శాలలోనుండి నవ్వులు వినబడుచుండెను. మరియొక ప్రక్క ఆ పట్టణపు దేవాలయముల పట్టికయు టెలిఫోనును ఉండెను. అతడు టెలిఫోను వైపు వెళ్లెను. తాను అప్పుడు త్రాగకుండవలెనన్నయెడల మరియొక త్రాగుబోతుతో మాటలాడవలసియున్నదని అతడు గ్రహించెను. వాల్టర్ టంక్స్ అను ఎపిస్కోపల్ పాదిరి ఆ పిలుపును అందుకొని కొందరి పేర్లు చెప్పెను. ఆ పేర్లను వెంబడించి ఒకరి తరువాత ఒకరికి ఫోను చేయగా, చివరకు హెన్రియెట్టా సైబర్లింగ్ అను విశ్వాసురాలు దొరికెను. ఆమె ప్రార్థనా బృందములో రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యుడు ఉండెను. ఆయన రెండు సంవత్సరములకు పైగా ఆ బృందముతో కూడి ప్రార్థించుచు, లేఖనములు చదువుచు, అయినను త్రాగుచునే యుండెను. వైద్యశాస్త్రము ఎరిగినవాడగుట వలన మద్యము శరీరమునకు చేయు కీడు ఆయనకు తెలియనిది కాదు.

మరునాటి సాయంకాలము ఆ ఇద్దరును కలిసికొనిరి. పావుగంట కంటె ఎక్కువ కూర్చుండనని డాక్టరు ముందే చెప్పెను. కాని సంభాషణ ఆరు గంటలకు పైగా సాగెను. అంతవరకు ఆయనకు బుద్ధి చెప్పినవారు అనేకులుండిరి. తన అనుభవమునుండి మాటలాడినవాడు, అంతకంటె, సహాయము చేయుటకే గాక సహాయము పొందుటకు కూడ వచ్చినవాడు, ఇతడే మొదటివాడు. ఆయన మరియొకసారి పడిపోయి, 1935 జూన్ 10న చివరిసారి త్రాగి, 1950లో తన మరణము వరకు మరల ముట్టలేదు. ఆ దినమే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసమునకు ఆరంభ దినముగా ఎంచబడుచున్నది. పేరు తెలుపని మద్యపానాసక్తులు అని దాని అర్థము. 1939లో వారి మూలగ్రంథము వెలువడెను. 1957లో బొంబాయిలో ఈ సహవాసము భారతదేశమున వేరూనెను.

ఈ చరిత్రలో సంఘకాపరులు గమనింపవలసినది ఒకటి కలదు. టంక్స్ పాదిరి విల్సనుకు చికిత్స చేయలేదు. ఫోనులో ప్రసంగము చేయలేదు. పిలిచినవాడు త్రాగుబోతునని చెప్పినను అతనిని విసుగుకొనలేదు. ఆయన చేసినది పేర్లు చెప్పుట మాత్రమే. ఆ శనివారము సాయంకాలమున అవసరమైనదియు అంతే.

ప్రార్థన చాలదా?

మొదటి అభ్యంతరము భక్తిగలవారి నోటనే వచ్చును. ప్రార్థనకు జవాబిచ్చు దేవుడుండగా మనుష్యుల కూటముతో పనియేమని వారందురు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ప్రార్థనలోనే, ఒక్క రాత్రిలోనే త్రాగుడునుండి విడిపింపబడి, మరణ పర్యంతము నిలిచినవారు మన సంఘములలో నిజముగా ఉన్నారు. వారి సాక్ష్యమును తక్కువ చేయరాదు. అయితే ఒకనికి దేవుడు చూపిన త్రోవను అందరికిని ఏకైక మార్గముగా విధించినయెడల, ఆ త్రోవను విడుదల కలుగని వాడు తాను దేవునిచేత విడువబడితినని తలంచును. వెనుక వరుసలోని ఆ మనుష్యుని భయము అదియే.

అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయములో కొర్నేలీ అను శతాధిపతి ఎడతెగక ప్రార్థించువాడు. అతని ప్రార్థన దేవుని సన్నిధికి చేరెనని చెప్పుటకు దూత దిగివచ్చెను. దూతకు సువార్త తెలియదా? అయినను ఆ దూత కొర్నేలీకి సువార్తను బోధింపలేదు. ఒక చిరునామా చెప్పెను. యొప్పే పట్టణము, సముద్రపు దరి, చర్మకారుడైన సీమోను ఇల్లు, అక్కడ బస చేయుచున్న పేతురు అను మనుష్యుడు. అంతకు ముందరి అధ్యాయములో, దమస్కులో అననీయకును ప్రభువు దర్శనములో వీధి పేరును, ఇంటి యజమానుని పేరును చెప్పి పంపెను. మనుష్యునికి కావలసినది మనుష్యుని ద్వారా ఇప్పించుట దేవునికి ఇష్టమైన పద్ధతి. ప్రార్థనకు జవాబు ఒక చిరునామా రూపమున వచ్చినప్పుడు, దానిని మడిచి బైబిలులో దాచి, ఇంకను జవాబు రాలేదని మోకాళ్ల మీదనే ఉండుట విశ్వాసము కాదు. కొర్నేలీ ఆ దినమే మనుష్యులను పంపెను.

అది సంఘమా?

రెండవ అభ్యంతరము బోధను గూర్చినది. ఆ కూటములలో క్రీస్తు నామము ప్రకటింపబడదు. ప్రతివాడును తనకు తెలిసినంతవరకు దేవుని తలంచుకొనవచ్చునని వారందురు. హిందువులు, ముస్లిములు, నాస్తికులు ఒకే బల్ల చుట్టు కూర్చుందురు. క్రైస్తవుడు అక్కడ కూర్చుండవచ్చునా?

ఈ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పవలెను. ఆ కూటము సంఘము కాదు. అది రక్షణను వాగ్దానము చేయదు, సంస్కారములను ఇయ్యదు, సంఘమునకు బదులుగా తన్ను తాను నిలుపుకొనదు. మద్యమును మానవలెనను కోరిక తప్ప సభ్యత్వమునకు మరి యే షరతును అది పెట్టదు. బేతెస్దలో ప్రభువు మొదట అడిగిన ప్రశ్నయు ఆ కోరికను గూర్చినదే. విశ్వాసి తన విశ్వాసమును తలుపు వెలుపల విడిచి లోపలికి పోనక్కరలేదు. అతడు ప్రార్థించు దేవునికి పేరు కలదు. ఆ పేరున ప్రార్థించుటకు అతనికి అక్కడ ఆటంకము లేదు. విరిగిన ఎముకను కట్టు వైద్యుని మతమేమని ఎవరును విచారింపరు.

అంతేకాక, ఆ కూటముల పద్ధతిలో ప్రొటెస్టంటు సంఘములు మరచిపోయిన తమ సొత్తును గుర్తింపవచ్చును. ఆక్రన్‌లోని మొదటి సభ్యులు యాకోబు పత్రికను, కొండమీది ప్రసంగమును, 1 కొరింథీయులకు 13వ అధ్యాయమును తమకు అత్యవసరమైన లేఖన భాగములుగా ఎంచిరి. వారి పండ్రెండు మెట్లలో తన అశక్తతను ఒప్పుకొనుట, దేవునికి అప్పగించుకొనుట, తన దోషముల పట్టికను వ్రాసి మరియొక మనుష్యుని ఎదుట చెప్పుట, నష్టపరచినవారికి సరిచేయుట ఉన్నవి. జక్కయ్య చేసినది ఇదే కదా. యాకోబు పత్రిక 5:16లో పాపములను ఒకరితో ఒకరు ఒప్పుకొనవలెనను ఆజ్ఞ ఉన్నది. జాన్ వెస్లీ 1738లో తన చిన్న బృందములకు నియమములు వ్రాసినప్పుడు ఆ ఆజ్ఞను నెరవేర్చుటయే వాటి ఉద్దేశమని చెప్పెను. 1939లో ప్రచురింపబడిన తన గ్రంథములో డీట్రిక్ బోన్‌హోఫర్, విశ్వాసుల సహవాసములో భక్తిపరులుగా మాత్రమే కనబడుటకు అనుమతి ఉండి, పాపులుగా కనబడుటకు అనుమతి లేనప్పుడు, ఒక్కొక్కడును తన పాపముతో ఒంటరివాడగునని హెచ్చరించెను. దేవాలయ ఆవరణములోని గదులలో ఈ కూటములు జరుగు పట్టణములు అనేకము. ప్రక్క గదిలో ఒకడు నిర్భయముగా చెప్పగలిగిన మాటను ఆదివారము దేవాలయములో ఎవరితోను చెప్పలేకపోయినయెడల, తప్పు ప్రక్క గదిది కాదు.

పాపమా, వ్యాధియా?

మూడవ ప్రశ్న అన్నిటికంటె లోతైనది. త్రాగుడు పాపమన్నయెడల వైద్యుడెందుకు? వ్యాధియన్నయెడల పశ్చాత్తాపమెందుకు? సంఘము మొదటి మాటను గట్టిగా చెప్పి రెండవదానిని విడుచును. వైద్యులలో కొందరు రెండవదానిని చెప్పి మొదటిదానిని విడుతురు. మనుష్యుడు మాత్రము రెంటిని మోయుచున్నాడు. మొదటి గ్లాసును చేతబట్టినవాడు అతడే. కాని సంవత్సరములు గడచిన తరువాత అతని నరములును మెదడును మద్యమునకు అలవడి, అది లేక వణకును. బహుకాలము ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల మూర్ఛలు, మతిభ్రమ, మరణము సైతము కలుగవచ్చును. కావున అట్టివాడు వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను. దెయ్యము పట్టినదని గదిలో బంధించి ఉపవాసముంచుట భక్తి కాదు, ప్రమాదము.

మధుమేహ రోగిని నీకు ఆ వ్యాధి ఎందుకు వచ్చినదని నిందింపము. అయినను మందు వేసికొనుట, ఆహారమును అదుపులో ఉంచుకొనుట అతని బాధ్యతయని చెప్పుదుము. త్రాగుడు విషయములోను బాధ్యతను ఉంచవలసిన చోటు అదియే. ఇదివరకే బానిసయైనవానిని, ఒంటరిగా నీ బలముచేత ఎన్నడును త్రాగకుండుమని అడుగుట అతడు మోయలేని భారము. ఈ సాయంకాలము ఆరున్నరకు ఆ గదికి వెళ్లుమని అడుగుట అతడు మోయగల భారము. యావజ్జీవపు ప్రమాణమును అక్కడ ఎవరును అడుగరు. ఈ ఒక్క దినము త్రాగకుండుమని మాత్రము అడుగుదురు. రేపటిని గూర్చి చింతింపవద్దని బోధించిన ప్రభువు శిష్యులకు ఇది క్రొత్త మాట కాదు.

ఆ గదిలో జరుగునది

తెలియనిదానికి మనుష్యుడు ఎక్కువగా భయపడును గనుక కొన్ని సంగతులు చెప్పుట మంచిది. అక్కడ ప్రవేశ రుసుము లేదు. రిజిస్టరులో సంతకము లేదు. ఇంటిపేరు, ఉద్యోగము, కులము అడుగరు. కొన్ని కుర్చీలు, ఒక బల్ల, టీ గ్లాసులు ఉండును. ఒకరు అధ్యక్షత వహింతురు. ఒక్కొక్కరు తమ మొదటి పేరు చెప్పి, తాము మద్యపానాసక్తులమని చెప్పి, తమ అనుభవమును చెప్పుదురు. ఒకరు చెప్పునప్పుడు మరియొకరు అడ్డుపడరు, సలహా ఇయ్యరు, తీర్పు తీర్చరు. క్రొత్తవాడు మాటలాడక ఊరకయే కూర్చుండి వినవచ్చును. చివరకు ఒక సంచి త్రిప్పుదురు. ఇష్టమున్నవారు గది అద్దెకును టీకిని కొంత వేయుదురు. అక్కడ విన్నదియు చూచినదియు బయటికి పోరాదనునది వారి నియమము. కొన్ని కూటములు మద్యపానాసక్తులకు మాత్రమే. మరికొన్నిటికి ఇంటివారును రావచ్చును. భార్యలకును తలిదండ్రులకును అల్-అనాన్ అను వేరొక సహవాసము 1951 నుండి ఉన్నది. త్రాగువాడు రాకున్నను వారు అక్కడికి వెళ్లవచ్చును.

చిరునామాను కనుగొనుట కష్టము కాదు. ఆ సహవాసము నగరములలో సమాచార కార్యాలయములను నడుపుచున్నది. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగములో అడిగినను చెప్పుదురు. 14446 అను జాతీయ హెల్ప్‌లైనుకు రుసుము లేక ఫోను చేసి సలహా పొందవచ్చును. తమ ఊరిలో కూటము లేనివారు సమీప పట్టణమునకు వారమునకు ఒకసారియైనను పోవలెను. ఫోనులో జరుగు కూటములును ఇప్పుడు కలవు. మొదట వెళ్లిన కూటము తనకు తగినట్లు లేకపోవచ్చును; భాష వేరు కావచ్చును, మనుష్యులు వేరు కావచ్చును. మరియొక దానికి వెళ్లవలెను. ఒక్కసారి వెళ్లి ఫలము లేదనుట ఒక్క మాత్ర మ్రింగి మందును నిందించుట వంటిది.

ఈ కూటములవలన మేలు కలుగునా అని అడుగువారికి, 2020లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష కలదు. 27 అధ్యయనములను, పదివేలకు పైబడిన మనుష్యుల అనుభవమును అది పరిశీలించెను. ఈ సహవాసమునకు క్రమపద్ధతిలో నడిపించు చికిత్స, పూర్తిగా మాని నిలిచియుండు విషయమున ఇతర ప్రసిద్ధ చికిత్సల కంటె మెరుగుగా పనిచేయుచున్నదని తేల్చెను. అయినను అందరును నిలుతురని ఎవరును చెప్పలేరు. పడినవారు అక్కడ అనేకులున్నారు. పడినవాడు మరునాడు తిరిగివచ్చి, దినములను మరల ఒకటినుండి లెక్కపెట్టుకొనును. అతని కుర్చీ అతనికి ఉండును. డెబ్బది ఏళ్ల మారులు క్షమించుటను గూర్చి పేతురు విన్నది ఆ గదిలో ప్రతి వారము అమలులో ఉన్నది.

ఎవరైనను చూచెదరేమోయను సిగ్గు చివరి అడ్డు. దీనికి ఒకటే జవాబు. సారాయి దుకాణమునుండి తూలుచు వచ్చుట లోకము ఇదివరకే చూచినది. ఆ గది మెట్లు ఎక్కుట చూచినవారు అధికముగా తెలిసికొనునది ఏమియు లేదు, అతడు బాగుపడగోరుచున్నాడను మంచి వార్త తప్ప.

నెల్లూరు నేర్పిన పాఠము

తెలుగువారికి ఈ విషయములో తమ సొంత అనుభవము కలదు. నెల్లూరు జిల్లాలో 1990 ప్రాంతమున అక్షరాస్యతా తరగతులకు రాత్రివేళ పేద స్త్రీలు వచ్చి కూర్చుండిరి. అక్షరములతోపాటు తమ ఇండ్ల సంగతులును చెప్పుకొనిరి. తన ఇంటి అవమానము తనది మాత్రమేయని తలంచిన ప్రతి స్త్రీయు, అది తన ప్రక్కన కూర్చున్నామె ఇంటను ఉన్నదని తెలిసికొనెను. 1992లో దూబగుంటనుండి లేచిన సారా వ్యతిరేకోద్యమము అట్టి కలయికలలోనుండి పుట్టినదే. 1993 అక్టోబరులో సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. చట్టము దుకాణమును మూయగలదు, మరల తెరువగలదు. త్రాగువాని లోపలి దాహముతో పోరాడుటకు అతని ప్రక్కన కూర్చుండు మనుష్యుడు కావలెను. ఒంటరిగా దాచుకొన్న అవమానము నలుగురిలో చెప్పుకొన్నప్పుడు ధైర్యముగా మారునని ఆ స్త్రీలు రాష్ట్రమంతటికిని చూపిరి.

సంఘము చేయవలసినది

సంఘకాపరి త్రాగుడు వైద్యుడు కానక్కరలేదు. అయితే తన పట్టణములో కూటము ఎక్కడ, ఏ దినమున, ఏ గంటకు జరుగునో ఆయనకు తెలిసియుండవలెను. ఆదివారము ప్రకటనలలో వివాహ ప్రకటనతోపాటు దానిని చదువవచ్చును. దేవాలయమునకు ఖాళీ గది యున్నయెడల వారమునకు రెండు గంటలు ఇయ్యవచ్చును. ప్రభు భోజనములో పులియని ద్రాక్షరసమును వాడుట చిన్న సంగతి కాదు. 1869లో థామస్ వెల్చ్ అను మెథడిస్టు విశ్వాసి ద్రాక్షరసమును పులియకుండ నిలువయుంచు పద్ధతిని కనుగొన్నది దీనికొరకే. బలహీనుడైన సహోదరుని నిమిత్తము తన స్వేచ్ఛను తగ్గించుకొనుమని రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయము బోధించుచున్నది.

మానినవానిని తొందరపడి వేదిక ఎక్కించి సాక్ష్యము చెప్పింపరాదు. మూడు నెలల విజయమును సంఘమంతటి ఎదుట పొగడినయెడల, నాలుగవ నెలలో పడినప్పుడు అతడు మరల రాలేడు. అతని భార్యను, ఓర్చుకొనుమని మాత్రము చెప్పి పంపరాదు. దెబ్బలు పడు ఇంటిలో ఆమెకును పిల్లలకును భద్రమైన చోటు చూపుట మొదటి కర్తవ్యము. త్రాగుడు పురుషుల సమస్యయని మాత్రమే తలంపరాదు. మరింత సిగ్గుతో దాగియున్న స్త్రీలును కలరు. ప్రసంగ వేదిక వెనుకను ఈ బానిసత్వము ఉండవచ్చును. అట్టి సేవకుడు చెప్పుకొనుటకు ఎవరు ఉన్నారని సంఘపెద్దలు ఆలోచింపవలెను.

మంచి సమరయుడు గాయములు కట్టిన తరువాత రోగిని పూటకూళ్ల ఇంటికి చేర్చెను. ఆ ఇల్లు ఎక్కడనున్నదో తెలిసియుండుట కూడ ఆయన కనికరములో భాగమే. దారిప్రక్కన పడియున్నవానికొరకు ప్రార్థించి, సత్రము దారి తెలియక విడిచిపోయినవాని కనికరము ఆ గాయపడినవానికి ఏ మేలును చేయలేదు.

ఈ సంవత్సరారంభపు రాత్రియు అతడు వెనుక వరుసలో మోకాళ్లూనియుండును. ఐదవ వాగ్దాన కార్డు అతని చేతికి అందును. ఆరాధన ముగిసి అందరును ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకొనుచుండగా, అయ్యగారు అతని యొద్దకు వచ్చి, జేబులోనుండి ఒక చిన్న కాగితము తీసి ఇయ్యవచ్చును. దానిమీద ఒక వీధి పేరు, ఒక దినము, ఒక గంట వ్రాసియుండును. "గురువారము నేను మీతో గుమ్మము వరకు వచ్చెదను, సహోదరుడా" అని ఆయన చెప్పవచ్చును. ఆ రెండు కాగితములును ఒకే బైబిలులో, ఒకే పుటలో ఉండదగినవి. వాగ్దానమును చేసినవాడును, చిరునామాను పంపినవాడును ఒకే దేవుడు.